బ్రేకుల కంపెనీ ఎర్ర కారు

డ్రైవరు సాయిలు బ్రేకు తొక్కాడు. పెడలు ఏ అడ్డూ లేకుండా పోయి నేలకు తగిలింది. కాలెత్తి మళ్లీ తొక్కాడు. స్టాపువాచీతో పక్కన కూర్చున్న నాకు ప్రమాదం తెలిసింది ఆ రెండోసారే. మొదటిసారి తొక్కినప్పుడు నేను వాచీ నొక్కి, అంకె రాసుకోవడానికి పెన్సిలు తీస్తున్నాను.

అది 1973 చలికాలం. పటాన్‌చెరు దగ్గర బ్రేకు లైనింగులు తయారుచేసే చిన్న కర్మాగారంలో నేను టెస్టింగ్ అసిస్టెంటుని. లైనింగు అంటే చక్రం డ్రమ్ములో ఒరుసుకుని బండిని ఆపే పట్టీ. వేగంగా పోయే కారును పదే పదే ఆపితే డ్రమ్ము కాగి, పట్టీ పట్టు సడలుతుంది. అది ఎప్పుడు సడలుతుందో కనిపెట్టడమే మా విభాగం పని. అందుకు జోరుగా పోయే కారు కావాలి. మాకున్నది ఎత్తు ఎక్కాలంటే ఆయాసపడే పాత వ్యాను.

తగిన కారు త్వరగా చూసుకోకపోతే రోడ్డు పరీక్షలు బొంబాయికి మార్చేస్తామని హెడ్డాఫీసు రాసింది. పరీక్షలు పోతే నా ఉద్యోగమూ పోయినట్టే. మా ఆయన ఇక్కడే ప్రభుత్వ కర్మాగారంలో పని చేస్తారు, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు, నేను బొంబాయి వెళ్లేది లేదు. కొత్త కారుకు పేరు రాయించుకుంటే ఏళ్ల తరబడి కాచుకోవాలి, వచ్చినా అది మాకు కావలసినంత వేగం పోదు. సెకండ్‌హ్యాండులో మాత్రం, హైదరాబాదులో ఒక జాగీర్దారు కుటుంబం ఎప్పుడో విదేశం నుంచి తెప్పించుకుని, ఇప్పుడు అమ్మకానికి పెట్టిన సీమ కారుంది. ఎర్రది, ఇద్దరే పడతారు, పైకప్పు మడిచేయవచ్చు.

రెండింటినీ పోల్చి నోటు రాయమని టెస్ట్ ఇంజనీరు మూర్తిగారు నాకు అప్పగించారు. నేను పాలు మూడుసార్లు పొంగిస్తే గాని పిల్లలకు పట్టేదాన్ని కాదు. గొళ్లెం పెట్టిన తలుపును లేచి వెళ్లి మళ్లీ లాగి చూసేదాన్ని. అలాంటిదాన్ని ఆ ఎర్ర కారును చూడగానే పెళ్లిచూపులకు వచ్చిన పిల్లాడిలా మెత్తబడిపోయాను. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి, గేర్లు బాగున్నాయి అని వరసగా రాశాను. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి “ఎలాగూ మన లైనింగులే వేస్తాం” అని రాసి వదిలేశాను. మూర్తిగారు, వర్క్స్ మేనేజరు కూడా చదివి సంతకాలు పెట్టారు. బ్రేకులతోనే బతికే కంపెనీలో ఎవరికీ ఆ ముక్క వింతగా అనిపించలేదు.

కొనేముందు ఒకసారి నడిపి చూడాలన్నది నియమం. కారు కడిగి, తుడిచి, అద్దంలా చేసి తెచ్చాడు సాయిలు. బొంబాయి రోడ్డు మీద వేగం పెరుగుతుంటే నాకు భయమే వేయలేదు. ఇంత హాయి ఉంటుందని తెలిస్తే ఫిజిక్సు బదులు డ్రైవింగు నేర్చుకునేదాన్ని కదా అనుకున్నాను కూడా. అప్పుడే లక్డారం దగ్గర జొన్నచొప్ప బండి ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరిగింది.

“అమ్మా, గా గడియారం ఇడిచిపెట్టి తలుపు పట్టుకోండ్రి,” అన్నాడు సాయిలు, గొంతు పెంచకుండా. గేర్లు ఒక్కొక్కటే దించుకుంటూ, హ్యాండు బ్రేకు లాగి, కారును పక్కన చేనులోకి దింపాడు. శనగ మొక్కలు తొక్కుకుంటూ పోయి, చేను చివర గట్టును ఆనుకుని ఆగాం. మాకిద్దరికీ ఏమీ కాలేదు. చేయి తెరిచి చూస్తే వాచీ ఇంకా నడుస్తూనే ఉంది.

చేనులో కలుపు తీస్తున్న పెద్దావిడ కొడవలితోనే వచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, దెబ్బలేమీ లేవని తేల్చుకున్నాక, “ఏందమ్మా, అంత రోడ్డు సాలలేదా మీకు?” అంది. ఏ కంపెనీ అని అడిగితే సాయిలు ముఖం తిప్పుకున్నాడు. బ్రేకులు చేసే కంపెనీ అని నేనే చెప్పాను.

“చేసినయన్ని అమ్ముకుంటరా? మీకోసం ఒక్కటన్న ఉంచుకోరా?” అంది.

చివరికి ఆ చొప్పబండి ఎడ్లే మా జోరైన కారును రోడ్డెక్కించాయి.

సాయంత్రం చక్రం విప్పి చూశాం. కారు ఏళ్ల తరబడి కదలకుండా ఉండడంతో లోపలి రబ్బరు బిళ్లలు గట్టిపడి పగిలాయి, బ్రేకు ఆయిలంతా దారిలోనే కారిపోయింది. ఇక కొత్తదానికే రాసేద్దామా అని మూర్తిగారు అడిగారు. ఈ నోటు రాసినదాన్ని, కొత్త కారైనా బ్రేకులు చూడకుండానే ఎక్కేదాన్ని అన్నాను. ఇందులో చెడిందేదో ఇప్పుడు తెలిసింది, నాలుగు చక్రాలూ నా ఎదుట విప్పి బాగుచేస్తే ఇదే కొనవచ్చు అన్నాను. వర్క్స్ మేనేజరు ఒప్పుకున్నారు, అయితే మొదటి పరీక్షలో నేనే కూర్చోవాలన్నారు. సరే అన్నాను.

ఇప్పుడు, ఉద్యోగం మానేసిన ఎన్నో ఏళ్లకు ఇది రాస్తుంటే నాకు తోచింది ఇంతే: కొత్తదా పాతదా అన్నది తర్వాతి మాట, ముందు అది ఆగుతుందో లేదో చూడాలి. అందులోనూ, మన చేతిలో పనే కదా అనుకున్నదాన్నే మనం చూడం.

కారు చేనులోకి దిగిన మర్నాడు పొద్దున పిల్లలు ఎర్ర కారు ఎంత జోరుగా పోయిందని అడిగారు. చాలా జోరుగా పోయిందని, ఆగడానికి మాత్రం ఒక శనగచేను పట్టిందని, ఇవాళ అమ్మ దాని చక్రాలు విప్పించడానికి వెళ్తోందని చెప్పాను.