వడమాలపేటలో వాకిలిరాయి తిప్పిన రోజు

ఉదయం ఏడున్నరకు తిరుపతిలో పుత్తూరు బస్సెక్కాం. పక్క సీట్లో డెబ్భై రెండేళ్ల డచ్చి ఆవిడ మరైకె, ఒళ్లో వాళ్ల వంశవృక్షం. డచ్చివాళ్లు మన తీరం వదిలిపోయాక ఆమె ముత్తాత తాత హెండ్రిక్ బట్టల వ్యాపారంతో ఇటొచ్చి, ఇక్కడి అమ్మాయిని చేసుకున్నాడు. భార్య పోతే సమాధిరాయి వేయించానని ఉత్తరం రాశాడు గానీ, ఆ మహానుభావుడు ఆమె పేరు మాత్రం రాయలేదు. వంశవృక్షంలో ఆ గడి ఖాళీ. దాని కోసమే నాలుగు రోజులుగా దుబాసీగా ఆమె వెంట తిరుగుతున్నాను.

డచ్చి అక్షరాలున్న సమాధిరాయి ఒకటి వడమాలపేటలో ఒకరి వాకిట్లో బోర్లా పరిచి ఉందని నిన్న ఒక మేస్త్రి చెప్పాడు. ఈరోజు దాని మీద సిమెంటు పోసేదీ అతనే. మరైకెకు రాత్రికే తిరుగు ప్రయాణం, ఈ వయసులో మళ్లీ రాలేనంది. బస్సు ఆగినప్పుడల్లా నాకు ఒళ్లు మండింది.

"ఆయమ్మకు యాడ విరిగిందప్పా? కట్టు కట్టించను పుత్తూరుకా?" వెనక సీటు పెద్దాయన అడిగాడు.

"ఎముకలు బాగానే ఉన్నాయి. పూర్వీకులే దొరకడం లేదు" అన్నాను.

ఇల్లు కనుక్కునేసరికి పదయింది. మేస్త్రి అప్పటికే సిమెంటు కలుపుతున్నాడు. ఇంటావిడ రాజమ్మకు విషయం చెప్పాను. ఆమె కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, నిండు గర్భిణి.

"సమాధిరాయా! కడుపుతో ఉండే పిల్ల ముందర దాన్ని తిప్పేదా? పోండప్పా. మేస్త్రీ, నువ్వు సిమెంటు పొయ్యి!"

మేస్త్రి పార ఎత్తాడు. మరైకె నా మొహమే చూస్తోంది.

రాజమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ముందు ఎవురు పోయినారు? ఆయమ్మా, మొగుడా?"

"ఆమే. రాయి వేయించింది మొగుడే."

"అట్లయితే ముత్తైదువ గదా! ముందే చెప్పకూడదా? ఇన్నేండ్లూ తొక్కినామే!" లెంపలేసుకుని, గడ్డపార తెమ్మంది.

తిప్పి కడిగితే అరిగిన గీతలే తప్ప అక్షరం కనబడలేదు. కోడలు లోపలికెళ్లి ముగ్గుపిండి తెచ్చింది. రాజమ్మ రాయంతా పిండి రుద్ది, పైపైన తుడిచింది. తెల్లటి అక్షరాలు తేలాయి, చివర హెండ్రిక్ పేరు.

మరైకె కూడబలుక్కుని చదివింది. "కనకమ్మ."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

రాజమ్మ రాయిని గోడకు ఆనించి పసుపూ కుంకుమా పెట్టింది. వాకిలికి వేరే బండ చూడమని మేస్త్రికి చెప్పింది. మరైకె మెడలో ఉన్న చున్నీ చెంగున బియ్యం, పసుపుకొమ్ము పోసి ముడేసింది. "మళ్లా రామ్మా" అంది.

రెండింటికి తిరుపతి బస్సు దొరికింది. ఈ బియ్యం ఎందుకని మరైకె అడిగింది. ఆడబిడ్డ పుట్టింటి నుంచి వెళ్లేటప్పుడు పోస్తారని చెప్పాను. ఆమె ఖాళీ గడిలో పేరు రాసుకుంది, ముడి ఒకసారి తడుముకుంది.

మళ్లీ రాలేనన్న మనిషి, తిరుపతిలో దిగేముందు, ఆ కోడలికి కాన్పు ఎప్పుడని అడిగింది.