గాలి వెచ్చన, నేల చల్లన

మిషిగన్‌లో ట్రాయ్ ఊరి చివర మేం అద్దెకున్న ఇంటికి కింద నేలమాళిగ, అదే బేస్‌మెంట్ లేదు. నేల మీద కాంక్రీట్ పోసి, దాని మీదే ఇల్లు కట్టేశారు. మే నెలలో ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఆ సంగతి నాకు పట్టలేదు. అద్దె తక్కువ, వంటగదిలోకి ఎండ బాగా వస్తోంది, ఇంకేం కావాలనుకున్నాను. బేస్‌మెంట్ లేని ఇంట్లో చలి అరికాళ్లలోంచి ఎక్కుతుందని చెప్పేవాళ్లు అప్పట్లో నాకెవరూ లేరు. ఎనభైల మొదట్లో మాట ఇది.

ఆ అక్టోబర్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. కార్ల విడిభాగాలకు డ్రాయింగులు గీసే ఆఫీసు ఆయనది. కార్లే అమ్ముడుపోకపోతే డ్రాయింగులు ఎవరిక్కావాలి? ఒక శుక్రవారం తన స్కేళ్లూ పెన్సిళ్లూ అట్టపెట్టెలో సర్దుకుని మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశారు. మా పాపకి అప్పటికి అయిదో నెల. పెట్టె కింద పెట్టి ఆయన అన్న మొదటి మాట, "చర్చ్‌లో ఎవరికీ చెప్పకు."

మా చర్చ్ అంటే పెద్ద గుడీ గోపురమూ ఏమీ కాదు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన పన్నెండు కుటుంబాలం. ఆదివారం ఒక అమెరికన్ చర్చ్ వాళ్లు తమ హాలు ఇస్తే అక్కడ తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్లం. శనివారం సాయంత్రం నాలుగింటికి వంతులవారీగా ఒక్కొక్కరింట్లో ప్రార్థన కూటం. ఆ కూటంలో మా ఆయనకి కాస్త పెద్దరికం ఉండేది. ఇద్దరికి ఉద్యోగం చూపించింది ఆయనే. "అన్నా, నా రెజ్యూమె ఒకసారి చూడన్నా" అని కుర్రాళ్లు వెంటపడేవారు. అటువంటి మనిషి తనకే ఉద్యోగం లేదని ఎలా చెప్పుకుంటారు? ఇంటిగుట్టు లంకకు చేటని నేనూ నోరు కట్టేసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గుగానే ఉండేది.

నవంబర్‌లో గ్యాస్ బిల్లు వచ్చాక ఇంటి వేడి హెచ్చించి తగ్గించే థర్మోస్టాట్ మా ఆయన సొంత ఆస్తి అయిపోయింది. ఫారెన్‌హీట్ అరవై ఎనిమిది మీద ఉండే ముల్లు అరవై రెండుకి దిగింది, క్రిస్మస్ నాటికి యాభై ఎనిమిదికి వచ్చింది. కిటికీలకి ప్లాస్టిక్ కాగితాలు అతికించారు. తలుపు కింద సందులో తువ్వాలు చుట్టి పెట్టారు. అన్నిటికంటే ఆయనకి మంట పుట్టించింది బిల్లులో పై వరసలో ఉండే ఒక చిన్న మొత్తం. గ్యాస్ వాడినా వాడకపోయినా నెలనెలా కట్టాల్సిందే. "ఒక్క పొయ్యి వెలిగించకపోయినా వీడికి కట్టాలా? ఎందుకూ, మనింటి గోడకి మీటర్ వేలాడుతున్నందుకా?" అని ఆ కాగితాన్ని నా మొహం ముందు ఆడించేవారు. ఆ మీటర్ నేనే పెట్టించినట్టు.

ఆ ఇంట్లో ఇడ్లీపిండి పొంగడం మానేసింది. రెండు రోజులుంచినా రుబ్బినప్పుడు ఎంత ఉందో అంతే. చివరికి మా ఆయన ఉన్ని స్వెట్టర్ గిన్నెకి తొడిగి, చేతులు వెనక్కి కట్టి, పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. "నా స్వెట్టరేదీ?" అంటే, "పిండి వేసుకుందండీ" అన్నాను. ఆయన నవ్వారు. ఆ చలికాలంలో ఆయన నవ్వడం అదొక్కసారే గుర్తు. పొద్దున్నే పబ్లిక్ లైబ్రరీకి వెళ్లిపోయేవారు, అక్కడ వెచ్చగా ఉంటుంది, పేపర్లో ఉద్యోగాల పేజీ ఊరికే చదువుకోవచ్చు. నేనూ పాపా ఒకే దుప్పట్లో కూర్చునేవాళ్లం. పాప కాళ్లకి రెండు జతల మేజోళ్లు వేసినా పాదాలు చల్లగానే తగిలేవి. అది తాకినప్పుడల్లా నాకు ఆయన మీద కోపం వచ్చేది. ఆ వెంటనే ఆయన మొహం చూస్తే జాలేసేది.

జనవరిలో ప్రార్థన కూటం వంతు మాకొచ్చింది.

వద్దని చెప్పడానికి ఏ సాకూ దొరకలేదు. ఒంట్లో బాగాలేదంటే పన్నెండు కుటుంబాలూ చారు పట్టుకుని దిగిపోతాయి. అందుకని మా ఆయన ఒక ఉపాయం వేశారు. శనివారం ఒంటిగంటకి థర్మోస్టాట్ డెబ్బై రెండుకి తిప్పుతాం. నాలుగింటికి అందరూ వచ్చేసరికి ఇల్లు వెచ్చబడుతుంది. ఆరున్నరకి అందరూ వెళ్లిపోగానే మళ్లీ కిందికి. తలుపు కింద తువ్వాలు బీరువాలో దాచాం. నేను కేక్ బేక్ చేశాను, ఆ వేడి కూడా కలిసొస్తుందని. మూడున్నరకి ఇల్లు నిజంగానే హాయిగా ఉంది. మా ఆయన చొక్కా చేతులు మడుచుకుని, మూడు నెలల తర్వాత ఇంటి యజమానిలా అటూ ఇటూ తిరిగారు.

ఒక్కటి మరిచిపోయాం. మన వాళ్లు ఎవరింటికొచ్చినా గుమ్మంలోనే బూట్లు విప్పేస్తారు. గాలి రెండు గంటల్లో వేడెక్కుతుంది. నెలల తరబడి చల్లబడిన కాంక్రీట్ వేడెక్కదు.

కోట్లన్నీ మా మంచం మీద గుట్టగా పడ్డాయి. బూట్లు వరండాలో వరసకట్టాయి. పాటలు పాడుతుంటే, మగవాళ్లు ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకోవడం, ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కోవడం నేను చూస్తూనే ఉన్నాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మిషిగన్ నేల ఇంతే కాబోలు అనుకుని ఉంటారు. ఒక్క సిస్టర్‌గారు మాత్రం అలా అనుకోలేదు.

మా చర్చ్‌లో ఆడవాళ్లందరూ సిస్టర్లే గానీ, సిస్టర్‌గారు అంటే ఆవిడొక్కరే. యాభై దాటిన మనిషి, భర్త పోయారు, పిల్లల్లేరు. మా అందరికంటే చాలా ముందే నర్సుగా వచ్చి, ఒక హాస్పిటల్‌లో పనిచేస్తూ సొంత ఇల్లు కొనుక్కున్నారు. ఆవిడ కార్పెట్ ముక్క మీద ఆడుకుంటున్న మా పాపని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. బైబిల్ వాక్యం చదువుతున్నంతసేపూ పాప మేజోళ్లలోకి రెండు వేళ్లు దూర్చి, పాదం పట్టుకునే ఉన్నారు.

టీ కప్పులు అందుకోవడానికి వంటగదిలోకి వచ్చినప్పుడు మెల్లగా అడిగారు. "పిండి పొంగుతోందా అమ్మాయ్?"

"పొంగుతోందండి" అన్నాను.

పొయ్యి పక్కన స్వెట్టర్ తొడుక్కుని కూర్చున్న గిన్నెకేసి ఆవిడ చూశారు. నాకేసి చూశారు. కప్పులు తీసుకుని వెళ్లిపోయారు.

ఆఖరి ప్రార్థన అయ్యాక, అందరూ కోట్లు తొడుక్కుంటుంటే సిస్టర్‌గారు ప్రకటించారు. "స్నోలో ఊరంతా డ్రైవ్ చేయడం కష్టంగా ఉంది. ఈస్టర్ దాకా కూటం మా ఇంట్లోనే పెట్టుకుందాం." ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. గుమ్మంలో నాతో మాత్రం, "మంగళవారం, గురువారం నాకు ఆఫ్. పగలంతా ఒక్కదాన్నే. పాపని తీసుకురా, నాకు కాలక్షేపం" అన్నారు. ఆవిడకి మేం సాయం చేస్తున్నాం కాబోలు అనిపించేట్టుగా అన్నారు.

మా ఆయనకి ఆ ఏర్పాటు నచ్చింది. లైబ్రరీకి పోతూ మమ్మల్ని దింపేవారు. సిస్టర్‌గారి ఇల్లూ మా ఇంటి లాంటిదే, బేస్‌మెంట్ లేనిదే. కానీ అక్కడ నేల వెచ్చగా ఉండేది. పాప మేజోళ్లు విప్పేసి పాకడం నేర్చుకుంది ఆ ఇంట్లోనే. నా ఇడ్లీపిండి గిన్నె కూడా కార్లో పట్టుకెళ్లి అక్కడ పెట్టేదాన్ని, గురువారానికి పొంగేది. ఉద్యోగం మాట ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మా గుట్టు ఇంకా మా దగ్గరే ఉందని మా ఆయన నమ్మకం.

ఫిబ్రవరిలో ఒక గురువారం పాప ఉన్ని టోపీ అక్కడ మరిచిపోయాను. మర్నాడు లైబ్రరీకి వెళ్తూ మా ఆయన కారు ఆవిడ ఇంటి ముందు ఆపారు. ఆయనా పాపా కార్లోనే ఉన్నారు. నేను వెళ్లి తలుపు కొట్టాను.

సిస్టర్‌గారు తలుపు తీశారు. ఒంటి మీద బయట వేసుకునే పెద్ద కోటు, తలకి మఫ్లర్, కాళ్లకి మేజోళ్ల మీద మేజోళ్లు. బయటికి వెళ్లబోతున్నారేమో అనుకున్నాను. అలవాటు ప్రకారం వంగి బూటు విప్పబోయాను.

"విప్పకమ్మా" అన్నారు. "ఇవాళ్టికి వేసుకునే రా."

నా జన్మలో ఒక తెలుగింటి గుమ్మంలో ఆ మాట వినడం అదే మొదలు. అప్పటికే ఒక కాలు విప్పేశాను. లోపల పెట్టాను. మా ఇంటి నేలే. అంతే చల్లన.

"గ్యాస్ ఆగిపోయిందా సిస్టర్‌గారూ?"

"ఆగలేదు. నేనే తగ్గించా." టోపీ తెచ్చి చేతిలో పెట్టారు. "అక్టోబర్ నుంచి నాకు సగం డ్యూటీలే. ఫ్యాక్టరీల్లో లేఆఫ్‌లైతే జనానికి ఉద్యోగంతో పాటే ఇన్సూరెన్స్ కూడా పోయింది. పేషెంట్లు రావట్లేదు."

నేను విప్పిన బూటు మళ్లీ తొడుక్కుంటూ అడిగాను. "మరి మంగళవారాలూ గురువారాలూ?"

"నేల కాగాలంటే టైమ్ పడుతుందమ్మా. నేను ముందురోజు సాయంత్రమే తిప్పుతా. మీరు మధ్యాహ్నం తిప్పి ఉంటారు ఆ రోజు." కొంచెం నవ్వారు. "మీ ఆయన సంగతి నేనెవరికీ చెప్పలేదు. నా సంగతీ నువ్వు చెప్పకు."

తాతకు దగ్గులు నేర్పబోయాం మేం. ఆ నవ్వుకి నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. మాకు వారానికి మూడు రోజులు వెచ్చని నేల ఇవ్వడానికి ఆవిడ మిగతా నాలుగు రోజులూ కోటు వేసుకుని గడుపుతున్నారు. మేమా ఇంట్లో దర్జాగా కాళ్లు చాపుకుని కూర్చుని, మా గుట్టు దాచుకున్నామని సంబరపడుతున్నాం. నాకు ఆవిడ మీద ప్రేమా, మా మీద అసహ్యమూ ఒకేసారి కలిగాయి.

కార్లో హీటర్ పాదాల మీదికి కొడుతోంది. సిస్టర్‌గారికి ఇచ్చిన మాట రెండు నిమిషాలు కూడా నిలబెట్టుకోలేకపోయాను, అంతా చెప్పేశాను. లైబ్రరీ దాటిపోయినా మా ఆయన కారు ఆపలేదు. ఊరంతా ఒక చుట్టు తిరిగి ఇంటికొచ్చేశాం. గ్యాస్ సంగతి సరే, ఆ రోజు పెట్రోల్ సంగతి కూడా ఆయనకి గుర్తు లేదు.

మర్నాడు కూటంలో, ఎప్పటిలాగే ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. మామూలుగా ఊళ్లో వాళ్ల ఆరోగ్యాలూ, వీసా కాగితాలూ చెబుతారు. మా ఆయన లేచి నిలబడ్డారు. "నాకు ఉద్యోగం లేదు. అక్టోబర్ నుంచి లేదు. మీ అందరికీ చెప్పకుండా దాచాను" అని కూర్చున్నారు. సిస్టర్‌గారి మాట ఎత్తలేదు. అది చెప్పుకుంటే ఆవిడే చెప్పుకోవాలి.

తర్వాత ఆయన ఉద్యోగం చూపించిన ఇద్దర్లో ఒకతను, తల ఎత్తకుండా, "నాది కూడా పోయిందన్నా, డిసెంబర్‌లో. నీకు తెలిస్తే బాధపడతావని చెప్పలేదు" అన్నాడు. అప్పుడు సిస్టర్‌గారు గొంతు సవరించుకుని, తన సగం డ్యూటీల సంగతి చెప్పారు.

మా ఆయనకి మళ్లీ ఉద్యోగం దొరికేసరికి ఆగస్టు అయింది. ఈలోగా నేను పనికెళ్లే వాళ్ల పిల్లలు ఇద్దర్ని డబ్బుకి మా ఇంట్లో ఉంచుకుని చూసుకున్నాను, చన్నీళ్లకి వేణ్ణీళ్లు తోడన్నట్టు. ఇప్పుడు మా ఇంట్లో థర్మోస్టాట్ గోల లేదు. అయినా ఎవరింటికి వెళ్లినా నా పాదం ముందు నేలని పలకరిస్తుంది.

ఆ ఫిబ్రవరిలో, మా ఆయన అందరికీ చెప్పేసిన కూటం అయ్యాక, వచ్చే శనివారం మళ్లీ మా ఇంట్లోనే అని మా ఆయన పట్టుబట్టారు. ఆ రోజు ఒంటిగంటకి నేను గోడ దగ్గరికి వెళ్తే, "వద్దులే, ఉండనీ" అన్నారు. ముల్లు యాభై ఎనిమిది మీదే ఉంది. తువ్వాలు తలుపు కిందే ఉంది. నాలుగింటికి ఆయన కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ తనే చెప్పారు, "బూట్లు విప్పకండి, మా నేల చల్లగా ఉంటుంది" అని.