శుక్రవారం గడప దాటని పేడ

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇది: కుప్పంలో మాట్లాడాల్సిన నాలుగు మాటల్ని నేను మొదట ఒక గ్యాస్ ట్యాంకుకు చెప్పి చూసుకున్నాను. పుంగనూరులో అక్క టిఫిన్ అంగడి వెనక, రేకుల నీడలో, ఆ నల్లటి ట్యాంకు ఎదురుగా నిలబడి "నమస్కారం సార్" అని మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గరే ఆగి మళ్లీ మొదటికొచ్చాను.

నేను మదనపల్లెలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్టు అసిస్టెంటుని. నలుగురిలో నోరు మెదపడం నాకు చేతకాదు. సాయంత్రం హాస్టల్‌కి వచ్చాక డైరీలో మాత్రం పేజీలకు పేజీలు మాట్లాడతాను. బ్యాగులో ల్యాబ్ కాగితాల కింద ఎప్పుడూ ఏదో ఒక నవల ఉంటుంది, ఎవరూ చూడకుండా.

మా ప్రాజెక్టు చెప్పుకోవడానికి తేలికే. మదనపల్లె మార్కెట్లో అమ్ముడుపోక పారబోసే టమోటాలను పేడతో కలిపి వంటగ్యాస్ తీయాలి. ఏది ఎంత కలపాలో తేల్చడం మా కాలేజీ పని. ట్యాంకు తయారుచేయడం కుప్పంలోని ఒక కంపెనీ పని. మొదటి ట్యాంకును అక్క అంగడిలో పెట్టారు. ఆమె నాకు చుట్టం కాదు. ఊరంతా అక్క అంటుంది, నేనూ అన్నాను. వేసవిలోపు గ్యాస్ నిలకడగా రాకపోతే ట్యాంకు ఎత్తుకుపోతామని కంపెనీ ముందే చెప్పింది. కట్టెల పొగలో ఏళ్లకేళ్లు దగ్గిన అక్కకు ఆ నీలిమంట ఎంత ముద్దంటే, ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్లను కూడా వెనక్కి తీసుకెళ్లి చూపించేది.

వారమంతా బాగుండేది. శనివారం వచ్చేసరికి మంట పసుపురంగుకు తిరిగి వణికేది. ట్యాంకు దగ్గర పుల్లటి వాసన. ట్యాంకు కారుతోందని మా సార్ అన్నారు. కాలేజీ లెక్కే తప్పని కంపెనీ ఇంజనీరు అన్నాడు. ఇద్దరూ పోటీపడి గ్రాఫులు పంపుకున్నారు. నేను ఇద్దరికీ "అవును సార్" అన్నాను.

అంతవరకూ నేను పుంగనూరు వెళ్లేది సోమవారాలే. ఉండబట్టలేక ఒక శుక్రవారం పొద్దున బస్సెక్కాను. వెళ్లేసరికి అక్క బకెట్లో టమోటాలు పిసికి ట్యాంకులో పోస్తోంది. ఒకటయ్యాక ఇంకొకటి. పేడ తట్ట ఖాళీగా ఉంది.

"పేడ యాడక్కా?"

"ఈ పొద్దు శుక్రారం కదమ్మా. ఎవురిస్తారు?"

అక్కకు ఆవుల్లేవు. పేడంతా పక్కింటి అవ్వ కొట్టంలోంచే వస్తుంది. ఆ అవ్వ గోడ మీంచి అందుకుంది. "ఏం మే, ఇంజనీరమ్మా! శుక్రారం పూట లచ్చిమిని ఎవురన్నా వాకిలి దాటిస్తారా? మీ సదువులో ఇది సెప్పలేదా?"

"మరి టమోటాలు ఇన్ని యాలక్కా?"

"ప్యాడ లేదు కదా. పాపం, పస్తుంటాదని ఇంగో బకెట్ ఎక్కువేస్తాండా."

నవ్వొచ్చింది. పులుపెక్కువై వారం వారం ట్యాంకుకు అజీర్తి చేస్తోందన్నమాట, అదీ అక్క ప్రేమ వల్ల. ఆ వెంటనే భయమేసింది. ఇది కుప్పంలో చెబితే, వాడేవాళ్లకు చేతకాదని ట్యాంకు ఎత్తుకుపోతారేమో. చెప్పకపోతే ఎలాగూ ఎత్తుకుపోతారు.

ముందు అవ్వనే అడిగాను, శుక్రవారం పేడ గురువారమే ఇస్తుందా అని.

"బేస్తారం తట్టలకు తట్టలు ఎత్తకపో. దీపం పెట్టకముందే రావాల, అంతే."

గురువారమే తెచ్చిపెట్టుకున్న పేడతో, ఎక్కువ బకెట్ మానేశాక, ఆ తర్వాతి శనివారాల్లో మంట నీలంగానే నిలబడింది. కారణం మాత్రం సార్‌కి కూడా నేనింకా చెప్పలేదు.

ట్యాంకు సంగతి తేల్చడానికి కుప్పంలో కంపెనీ షెడ్డులో సార్, ఇంజనీరు కూర్చోగానే మళ్లీ కారడం దగ్గరే మొదలుపెట్టారు. కంపెనీ ఓనరు విసుగ్గా గడియారం చూసుకుంటున్నాడు. నేను లేచి నిలబడ్డాను. నిలబడాల్సిన అవసరం లేదని తర్వాత తెలిసింది.

"సార్, ట్యాంకు కారడం లేదు. లెక్కా తప్పు కాదు. రోజూ పేడ దొరుకుతుందని మనమే అనుకున్నాం. శుక్రవారం ఎవరూ ఇవ్వరు సార్. అక్కను అడక్కుండా ఏ రోజు ఎంత వేయాలో చార్టు రాసింది మనం."

ఓనరు నన్నే చూశాడు. ఆయన పుట్టి పెరిగింది కుప్పంలోనే. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"మాయమ్మ శుక్రారం మజ్జిగే బయటికియ్యదు. ఇంగ ప్యాడిస్తారా?"

ఇంజనీరుది బెంగళూరు, అతనికి అర్థం కాలేదు. మా సారే ఓపిగ్గా వివరించారు. ఆ ఇద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే మొదలు.

"ట్యాంకు ఆడనే ఉండనీ," అన్నాడు ఓనరు. "శాంతిపురంలో ఇంగో ట్యాంకు పెట్టేదానికి ముందు ఈ పాపను పంపించి ఆడోళ్లను అడిగించండప్పా."

తిరుగుదారిలో సార్ నన్ను పుంగనూరులో దింపి వెళ్లారు. నన్ను చూడగానే అక్క చేతులు తుడుచుకుంది. నా ముఖమే చూస్తూ నిలబడింది. నేను ముందు నీళ్ల కుండ దగ్గరికి వెళ్లాను. గ్లాసెడు నీళ్లు తాగాను. అక్క చెంగుతో నా ముఖం తుడిచింది. అప్పుడన్నాను, "ఉంటుందక్కా. ట్యాంకు ఈడనే ఉంటుంది."

"వచ్చినంటనే సెప్పకూడదా మే ఆ మాట! గుండె యాడికో పోయిండె నాకు. కూసో, దోసె పోస్తా."