లెక్క తప్పిన అల్లిక

శాంతికుమారి గారికి ఒకటే జబ్బు. తాను అల్లి ఇచ్చిన వస్త్రాన్ని ఎదుటివారి ఒంటిమీద స్థిమితంగా ఉండనివ్వరు. ఎవరికైనా ఒక టాప్ అల్లి ఇచ్చారా, కొన్నాళ్ళకు మళ్ళీ ప్రత్యక్షమై, తల పక్కకు వాల్చి చూసి, "లెక్క తప్పిందండి. నాదే తప్పు. ఓపాలి ఇప్పి ఇచ్చీండి" అంటారు. పట్టుకుపోయి, సాంతం విప్పేసి, మళ్ళీ మొదటినుంచి అల్లుతారు. గవరపాలెంలో మా పక్క వాటాలో నివసించే ఈ మహాతల్లి మీద కాలనీ సంఘానికి నేను సమర్పించిన ఫిర్యాదుల నకళ్ళన్నీ నా వద్ద భద్రంగా ఉన్నాయి కనుక ఇందులో అతిశయోక్తికి తావు లేదని మనవి.

అనకాపల్లి ఎండలో అల్లిక బట్టలేమిటని పాఠకులు నవ్వవచ్చు. ఆవిడ ఊలు ముట్టరు. సన్నటి నూలు దారంతో, గాలి ఆడే జాలీ అల్లికతో, వేసవికి టాప్‌లూ, ఆఫీసు ఏసీలకు పలచటి కార్డిగన్లూ అల్లుతారు. నమూనాలన్నీ సొంతవే. కొండకర్ల ఆవ సరస్సులో పడవెక్కి వచ్చిన వారానికి, బ్యాంకులో పనిచేసే మా వీధి లావణ్య వీపు మీద తామరాకులు తేలాయి. తుమ్మపాల వైపు వెళ్ళివస్తే ఎవరో ఒకరి చేతుల వెంట చెరకు కణుపులు దిగుతాయి. ఇంత విద్య ఉన్న మనిషికి ఆ లెక్క ఒక్కటి కుదరదేమిటన్నది నా ఆక్రోశం.

బెల్లం మార్కెట్టులో దళారీ పని చేసే నూకరాజుకు ఒక చేతుల్లేని చొక్కా అల్లి ఇచ్చారు. ఒకనాడు అతడు స్కూటరు మీద కూర్చుని ఉండగానే ఈవిడ వెళ్ళి అంచు పట్టుకున్నారు.

"నూకరాజూ, లెక్క తప్పింది. ఇప్పియ్యి."

"ఇప్పుడేటక్కా, మార్కెట్టుకెళ్తన్నాను. బాగానే ఉంది కదా."

"బాగుంటే నేనెందుకడుగుతాను? పొట్ట కాడ పట్టేత్తంది. నాదే తప్పు."

నూకరాజు స్కూటరు ముందుకు దూకించాడు. ఆవిడ దారం వదలలేదు. ఆవిడ అల్లిక మెడ వద్ద మొదలై అంచు వద్ద ముగుస్తుంది గనుక విప్పడం అంచు నుంచే సాగుతుంది. అతడు మార్కెట్టు చేరేసరికి ఒంటిమీద మెడపట్టీ మాత్రమే మిగిలిందని వీధిలో చెప్పుకుంటారు. దీనికి నా వద్ద లిఖితపూర్వక ఆధారం లేదు. అయినా నమ్ముతున్నాను.

ఈ ఉదంతాన్ని కూడా జతచేసి సంఘం అధ్యక్షుడు దేవీప్రసాద్‌కు మరో ఫిర్యాదు అందజేశాను. అతడు దాన్ని చదవకుండానే మడిచాడు.

"నన్నేటి సెయ్యమంటారు మామా? సూదులు జప్తు సేయించీమంటారా?"

"తగు చర్య తీసుకోమంటున్నాను."

"అలాగే. ముందు మా ఆవిడ టాప్ తిరిగొచ్చేకా తీసుకుందాం. నిన్ననే పట్టుకుపోయేరు."

నిరుడు వానల్లో నా భార్య కాసులమ్మకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మందు సగం, తిండి సగం పనిచేయాలని డాక్టరు చెప్పాడు. మందు మింగేది. తిండే చిక్కు. వాళ్ళమ్మకు చివరి రోజుల్లో జాకెట్టు భుజం మీంచి జారిపోయేదట. ఇప్పుడు తన జాకెట్టు జారగానే, "నా పనైపోయిందండీ" అని కంచం పక్కకు నెట్టేసింది. ఎంత బతిమాలినా రెండో ముద్ద తినలేదు.

నాలుగైదు రోజులకే శాంతికుమారి గారు రెండు లేతాకుపచ్చ టాప్‌లతో వచ్చారు. "జాకెట్టు సెమటకి అంటుకుంటాది. ఇది ఏసుకో అప్పా." మావైపు అక్కను అప్ప అంటారు. టాప్ ఒంటికి అతికినట్టు సరిపోయింది. కాసులమ్మ భుజాలు తడుముకుని చూసుకుని, కంచం దగ్గరకు లాక్కుంది.

అంతటితో ఊరుకుంటే ఆవిడ శాంతికుమారి ఎలా అవుతారు? ఒక టాప్ రోగి ఒంటిమీద ఉండగా రెండోది ఆవిడ ఒడిలో విడిపోతూనే ఉండేది. "లెక్క తప్పిందప్పా." మళ్ళీ వచ్చేవారు. "ఈపాలీ తప్పిందప్పా." జబ్బు మనిషినైనా విడిచిపెట్టరా అని నాకు ఒళ్ళు మండింది. ఫైలు చంకన పెట్టుకుని పక్క వాటాకు వెళ్ళాను.

"ఈ టాప్‌లో తప్పెక్కడుందో చూపించండి."

ఆవిడ చేతిలో దారం ఆగింది. "తప్పు లేదండి బావగారూ."

"మరెందుకు విప్పుతున్నారు?"

"అప్ప సన్నబడిపోతంది. ఇది కూడా వదులైతే ముద్ద ముట్టదు. నెమ్మదిగా మాటాడండి, గోడ పలచన."

నేను ఫైలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఏడాదిలో నూకరాజుకు పెరిగిన పొట్ట గుర్తుకొచ్చింది. కాన్పు తరువాత బట్టలేవీ పట్టక, మళ్ళీ ఆఫీసులో చేరడానికి సిగ్గుపడిన లావణ్య గుర్తుకొచ్చింది. ఈవిడ లెక్కలో మనిషి ఒళ్ళు ఎన్నడూ తప్పు కాదు. తప్పెప్పుడూ అల్లికదే.

మాఘమాసం వచ్చేసరికి మా ఇంట కేకలు మొదలయ్యాయి.

"ఏటే శాంతీ, ఇన్నేళ్ళు అల్లుతున్నావు, సంకల కాడ పట్టేత్తంది. లెక్క రాదేటే నీకు?"

"రాదప్పా. నాదే తప్పు. ఇప్పియ్యి."

"ఏటండీ, ఊరందరి మీదా కాగితాలు రాస్తారు కదా, దీని మీద ఇంకోటి రాయండి." కాసులమ్మ పెరుగన్నం రెండోసారి కలుపుకుంటూ చెప్పింది. నేను రాశాను. అల్లిక వచ్చును గాని లెక్క రాదని, ఇట్టివారిని ఉపేక్షించరాదని, కాసులమ్మ చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా రాశాను. పక్కన నిలబడ్డ ముద్దాయి కూడా తల ఊపారు.

మర్నాడు ఆవిడ గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి అన్నారు. "బావగారూ, దారం సాలట్లేదండి. ఇంకో ఉండ కొనాలి."

నేనే దుకాణానికి వెళ్ళాను. ఆ రంగు దొరకలేదు. దొరికిన పసుపుపచ్చదే తెచ్చాను. టాప్ అడుగున బెత్తెడు పసుపు అంచు వచ్చింది.

"రంగు కూడా తప్పేవేటే?" అంది కాసులమ్మ, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంటూ.

"నాదే తప్పప్పా."

ఆ ఉండ తాలూకు రసీదు నా వద్ద ఉంది. ఫిర్యాదుకు జతపరచలేదు. నకలు కూడా ఎవరికీ ఇవ్వను.