వదిన రాసిన ఒక్క లైను

సోమవారం పొద్దున నెల్లూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా ఆడబిడ్డ పోయింది. మా ఆయన తన అక్క కబురు విని ఫోను బల్ల మీద పెట్టారు. తర్వాత నెమ్మదిగా, "సెంటరు తాళం ఇంక ఎవురు తీస్తారే?" అని అడిగారు. ఆమె గురించి మా ఇంట్లో మొదట వచ్చిన మాట అది. ఆమె వింటే సంతోషించేది.

నేను ఆమెను వదినా అని పిలిచేదాన్ని. తోటపల్లి గూడూరు దగ్గర రోడ్డు పక్కన చిన్న గదిలో నెట్ సెంటరు నడిపేది. అంతకు ముందు నెల్లూరులో ఒక ఆఫీసు కంప్యూటర్ గదిలో చాలా ఏళ్ళు పనిచేసింది. అందరి కంప్యూటర్లలో రంగురంగుల బొమ్మలు ఉంటే, ఆమె దాంట్లో నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు మాత్రమే ఉండేవి. "ఏందక్కా, కరెంటు పోయిందా?" అని వచ్చినవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. "కరెంటు నాకుండాది లేబ్బా, నువ్వు కూర్చో" అనేది.

ఇంటి లెక్కలు, రొయ్యల గుంటల లెక్కలు నేను రాసుకునే తీరు చూసి మధ్యాహ్నాలు నన్ను సెంటరుకు పిలిపించుకునేది. "నీకు యాడిది ఆడ పెట్టే గుణం ఉండాది. ఈ పనికి అదే కావాల్సింది" అంది. అట్లా నలభై దాటాక నాకు ఒక గురువు దొరికింది.

ఏటా వానలకు ముందు ఆమె చేసే పని ఒకటుంది. స్కానరు సంచిలో పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని సముద్రం ఒడ్డున ఉండే జాలర్ల పాలేలకు పోయేది. పడవ కాగితాలు, రేషను కార్డులు, బ్యాంకు పుస్తకాలు ఎవరు తెచ్చిస్తే వాళ్ళవి స్కాన్ చేసి దాచేది. ఒడ్డున ఇళ్ళలోకి నీళ్ళొస్తే మొదట పాడయ్యేవి కాగితాలే. ఒక్కో ఇంటికి ఒక్కో ఫైలు. ఫైలు పేరులో ముందు ఊరు, తర్వాత మనిషి పేరు. మధ్యలో ఖాళీ వదిలితే ఊరుకునేది కాదు.

ఆ ఫైళ్ళన్నిటినీ ఒకేసారి అచ్చుకు పంపడానికి, కంప్యూటరుకు వరసగా ఆదేశాలిచ్చే చిన్న స్క్రిప్టు రాసుకుంది. దాంట్లో పై లైను ఇది:

vala='palem*.pdf'

వల అన్నది ఆమె పెట్టిన పేరే. palem అన్నది ఒడ్డున ఉన్న పాలెం ఊరి పేరు, దాని తర్వాత ఉన్న నక్షత్రం గుర్తుకు, అక్కడ ఏ పేరున్నా సరే అని అర్థం. కింద ఎక్కడ ఆ ఫైళ్ళు కావాల్సి వచ్చినా $vala అని రాస్తే చాలు. ఇంకో ఊరి పని పడితే పై లైనొక్కటి మారుస్తుంది, కింద దేన్నీ ముట్టుకోదు. ఫైళ్ళ పేర్లన్నీ ఒకసారి రాసిపెట్టుకోవచ్చు గదా అని మొదట్లో అడిగాను.

"ఈ రోజు పడిన చేపల్ని దాచిపెట్టుకుంటే రేపటికి కుళ్ళిపోతాయి. వలని దాచుకోమ్మే. ఎప్పుడు విసిరితే అప్పుడున్నవి పడతాయి" అంది.

ఇంకో అలవాటు ఉండేది. అచ్చు వేయడానికైనా చెరపడానికైనా ముందు echo $vala అని కొట్టి, ఏ పేర్లు వస్తాయో కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చదివేది. "ఏం పడిందో చూడకుండా కత్తి తియ్యబాక." ఏ ఫైలూ దొరక్కపోతే తెర మీద ఆ నక్షత్రం గుర్తే ఉన్నదున్నట్టు తిరిగొచ్చేది. "ఒట్టి వల వచ్చింది. దాన్నే చేప అనుకుని కోసేవాళ్ళు కూడా ఉండారు" అని నవ్వేది.

పోయినసారి వానలకు పాలెంలో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాయి. మర్నాడు పొద్దున పంచాయతీ ఆఫీసు దగ్గర అధికారులు వస్తారని, కాగితాల నకళ్ళు చూపించినవాళ్ళకే పడవల, వలల సాయం రాస్తారని కబురొచ్చింది. అప్పటికే వదిన ఆసుపత్రిలో చేరింది, ఆ తర్వాత సెంటరుకు తిరిగి రానే లేదు. సెంటరు ముందు తడిసిన బట్టలతో జనం నిలబడ్డారు. అందరి కంటే ముందు ఒక ముసలామె. పడవ పెట్టుకుని బతికే కొడుకు వేటకు పోయి ఇంకా ఒడ్డుకు చేరలేదు, కాగితాలు తడిసి ముద్దయ్యాయి. ఆమెవి వదిన స్కాన్ చేసింది ఆసుపత్రికి పోయే ముందు వారమే.

మా ఆయన కుర్చీలో కూర్చున్నారు. "పోయినేడు తీసిన పేర్ల పట్టీ ఉండాది గదా, దాన్నే ఎక్కిచ్చేస్తే ఖాయంగా ఉంటాది" అన్నారు. ఆ పట్టీలో ఈ ముసలామె లేదు. నేను వద్దన్నాను. సరేనని అక్క స్క్రిప్టే తెరిచి, పై లైనులో అటూ ఇటూ ఉన్న కొటేషను గుర్తులు, అదే కోట్లు, చూసి, కింద $vala కి కూడా శుభ్రంగా జంట కోట్లు పెట్టి నడిపారు. palem*.pdf అనే ఫైలు లేదని తెర మీద వచ్చింది.

ముసలామె నా ముఖమే చూస్తోంది. "పోయినాయా తల్లీ?"

వదినకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, జరిగింది చెప్పాను. దగ్గుతోనే విన్నది, దగ్గుతోనే నవ్వింది.

"వాడు కోట్లు పెట్టినాడా? వలని మూట విప్పకుండానే నీళ్ళలో పారేసినాడమ్మే! దాచేటప్పుడు కట్టాల, విసిరేటప్పుడు విప్పాల. కింద కోట్లు తీసెయ్యమను."

"అక్కా, కోట్లు పెట్టడం మంచిదని ఎవురో చెప్పినారు" అన్నారు మా ఆయన ఫోనులోకి వంగి.

"మంచిదే అబ్బయ్యా, వేరే చోట్ల. ఇక్కడ అది తెరుచుకోవాల. లెయ్, కుర్చీ ఆమెకియ్యి."

ఆయన లేచారు. నేను కూర్చుని, కోట్లు తీసేసి, ముందు echo $vala కొట్టాను. తెర నిండా పేర్లు దిగాయి. ఆ వరసలో ముసలామె పేరుంది. చదివి వినిపించాను. అప్పుడు అచ్చుకు పంపాను. మర్నాడు పాలెం నుంచి ఒక్క ఇల్లు కూడా ఒట్టి చేతులతో పోలేదు. ముసలామె కొడుకూ సాయంత్రానికి ఒడ్డు చేరాడు.

ఆ తర్వాత ఆసుపత్రికి పోయి ఇదంతా చెబితే, మెచ్చుకోలు మాట ఒక్కటీ అనలేదు వదిన. "echo కొట్టినావా ముందు?" అని మాత్రం అడిగింది. కొట్టానన్నాను. కళ్ళు మూసుకుని తల ఊపింది. ఆమె నుంచి అంతకంటే పెద్ద బిరుదు ఎవరికీ దొరికి ఉండదు.

ఆమెను సాగనంపిన రోజు పాలెం వాళ్ళు రెండు ట్రాక్టర్ల మీద వచ్చారు. మా బంధువులు "వీళ్ళెవరు?" అని అడిగితే, మా ఆయన "మా అక్క మనుషులు" అన్నారు. ఆ మాట అంటూనే ఆయన వాళ్ళకు ఎదురెళ్ళారు.

దినవారాలు కాకుండానే నిన్న సెంటరు తెరిచాను. వానలు దగ్గరకొచ్చాయి, ఆమె ఉంటే తెరిచేదే. పాలెం నుంచి ఒక పిల్లతల్లి బిడ్డకు కొత్తగా వచ్చిన జనన సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చింది. స్కాన్ చేసి, ఊరి పేరు ముందు పెట్టి దాచాను. స్క్రిప్టులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. echo కొట్టాను. వదిన ఆసుపత్రిలో ఉండగా పుట్టిన బిడ్డ, వదిన ఎన్నడూ చూడని బిడ్డ, పాలెం వాళ్ళందరి మధ్యా తన వరసలో వచ్చి నిలబడింది.

"ఇదిగో నీ పేరు" అని తల్లి బిడ్డను తెర దగ్గరకు ఎత్తింది. బిడ్డ తడి అరచెయ్యి తెర మీద ఆనించింది. వాళ్ళు వెళ్ళాక కూడా ఆ ఐదు వేళ్ళ మరక కింద తెల్లటి అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి. గుడ్డ నా చేతిలోనే ఉంది, తుడవలేదు.