ఒడ్డున మిగిలిన నీలం చెప్పులు

మా వార్డెన్ హాస్టల్లో ముప్పయ్యేళ్ళు పిల్లల్ని మొహాలు చూసి లెక్కపెట్టలేదు, గది బయట విడిచిన చెప్పులు చూసి లెక్కపెట్టాడు. రిటైరైనా ఆ జబ్బు వదల్లేదు. మూడు జంటలం సముద్రానికి వెళ్తే, ఆరు జతల చెప్పులూ ఒడ్డున వరసగా పెట్టించాకే మమ్మల్ని నీళ్ళలోకి దిగనిచ్చాడు.

సాయంత్రానికి అలలు పెద్దవయ్యాయి. బయటికొచ్చి మేం నలుగురం చెప్పులేసుకున్నాం. ఒక్క జత మిగిలింది. నీలం పట్టీలవి, వార్డెన్ భార్యవి, అంటే మా వదినవి.

వార్డెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మోకాళ్ళ నొప్పులు మరిచి మళ్ళీ నీళ్ళలోకి ఉరికాడు.

"ఏమేవ్! ఎక్కడున్నావే!"

నేనూ ఆయన వెనకే పరిగెత్తాను. ఒక పెద్ద అల ఆయన్ని పడేసింది. రెక్క పట్టుకుని లాగితే, రానని నన్నే తిట్టాడు.

"ఏమండీ, ఈ వయసులో ఆ దూకుళ్ళేంటి?"

వెనక వదిన నిలబడి ఉంది. చేతిలో పల్లీల పొట్లం, కాళ్ళకి వార్డెన్ చెప్పులు.

"నీ చెప్పులు ఇక్కడుంటే నువ్వు నీళ్ళలో ఉన్నట్టేగా!" అని వార్డెన్ గుడ్లురిమాడు.

"తడికాళ్ళకి నావి జారుతున్నాయని మీవి వేసుకెళ్ళాను. అయినా మీ చెప్పులు కూడా కనబడలేదుగా, మరి మీరెక్కడికి పోయారో వెతుక్కోలేదేం?"