వేళ్లకే తెలిసిన కీబోర్డు

కాలేజీ ఎదురు సందులో పద్దెనిమిదేళ్లుగా టైపింగ్ షాపు నడుపుతున్న ఆవిడను అందరూ టైపక్క అంటారు. ఆమెకు పెద్ద చదువులు లేవు, చెప్పుకుని ఏడవడానికి పెద్ద కష్టాలూ లేవు. స్పీడు ఉంది. దానిమీదే బతుకుతోంది.

ఈమధ్య ఆ షాపుకొచ్చి వెళ్లిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ ఫోల్డర్లు మాయమై, వాటి చోట షార్ట్‌కట్లు మొలవసాగాయి. యాంటీవైరస్ రెండుసార్లు తీసేసింది, వైరస్ రెండుసార్లూ తిరిగొచ్చింది. కాలేజీలో మాట పాకింది. వచ్చేవాళ్లు సగానికి పడిపోయారు.

కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు వచ్చి చూశాడు. "పైపైన తుడిస్తే పోదక్కా. డిస్కు మొత్తం ఖాళీ చేసేయాలి."

"మొత్తమంటే?"

"మొత్తమంటే మొత్తమే. బావ ఫొటోలతో సహా."

"పోతే పోనీరా. మనిషి ఇంట్లోనే తిరుగుతున్నాడుగా."

తమ్ముడికో పద్ధతి ఉంది. తుడిచేముందు, స్క్రీను చూడకుండా, ఏమేం కావాలో యజమాని నోటితో చెప్పాలి. చెప్పినవే దాస్తాడు. డిస్కులో తమ జీవితమంతా ఉందని వాపోయేవాళ్లకు ఇది మంచి మందు. తొమ్మిదివేల ఫైళ్లలో టైపక్కకు గుర్తొచ్చినవి పదకొండు. వాటిని వేరే సిస్టంలో పరీక్షించి పక్కన పెట్టాడు.

"ఇంకేమైనా ఉందా?"

"ఏం లేదు," అంది.

ఉంది. తెలుగు టైపు చేసే పాత సాఫ్ట్‌వేరు. ఎప్పుడో ఒక స్నేహితురాలు ఇచ్చిన కాపీ. తయారుచేసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. ఆమె వేళ్లకు దాని కీబోర్డు అమరిక తప్ప ఇంకోటి రాదు. చెబితే తమ్ముడు వద్దంటాడని, ముందురోజే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కళ్లజోడు పెట్టెలో దాచింది.

డిస్కు తుడవడానికి ఒక పూట పట్టింది. తమ్ముడు గడప దాటగానే ఆమె పెన్‌డ్రైవ్ గుచ్చి పాత సాఫ్ట్‌వేరు ఎక్కించుకుంది. నాలుగో రోజుకు షార్ట్‌కట్లు హాజరు.

మళ్లీ వచ్చిన తమ్ముడు అరవలేదు. "దీంట్లో ఏం పెట్టావు?" అని మాత్రం అడిగాడు. ఆమె కళ్లజోడు పెట్టె ముందుకు తోసింది. వైరస్ ఆ సాఫ్ట్‌వేరులోనే కూర్చుని ఉంది.

"నేను దాన్ని గెంటేశాను, నువ్వు కబురుపెట్టి పిలిపించుకున్నావు."

"మరి నా స్పీడు సంగతేంట్రా? నేనూ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పొడిస్తే జనం నా దగ్గరికెందుకొస్తారు? వాళ్లే పొడుచుకుంటారు."

తమ్ముడు ఒక తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. "అదే అమరిక మనమే తయారుచేసుకోవచ్చు. ఏ కీ మీద ఏ అక్షరమో చెప్పు," అన్నాడు.

టైపక్క నోరు తెరిచింది. 'క' ఎక్కడుందో చెప్పలేకపోయింది.

"అడిగితే రాదురా. ఏదైనా చదువు, కొడతాను."

వైరు పీకేసిన కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. తమ్ముడు వర్షపాతం మీద ఎవరో వదిలేసిన రిపోర్టు చదువుతూ, వేలు ఎక్కడ పడుతోందో చూసి కాగితం మీద రాసుకున్నాడు.

"కాస్త మెల్లగా."

"మెల్లగా కొడితే తప్పులు పడతాయి."

ఒకే పేజీ నాలుగుసార్లు చదవాల్సి వచ్చింది. 'ఝ' ఎంతకీ దొరకలేదు. 'ఝంఝామారుతం' అనగానే వేలు దానంతటది వెళ్లిపోయింది. 'ఙ' ఎక్కడో వేళ్లకూ తెలియలేదు. దాన్ని అడిగేవాళ్లెవరూ లేరని వదిలేశారు.

డిస్కు మళ్లీ తుడిచారు. కొత్తగా కట్టిన అమరిక ఎక్కించారు.

"ళ కొడితే ణ పడుతోంది."

"నువ్వు కొట్టిందే రాశాను."

"నేను సరిగ్గానే కొట్టాను. నువ్వే దిక్కులు చూశావు."

సరిచేశాడు.

మర్నాడు ఒక లెక్చరరమ్మ ముప్పై పేజీల చేతిరాత పట్టుకొచ్చింది. రాత తనకు తప్ప ఎవరికీ అర్థం కాదని పక్కన కూర్చుని తనే చదివింది. ఆ వేళ్ల వేగాన్ని అందుకోలేక మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగింది.

"ఊఁ, తర్వాత?" అంది టైపక్క, స్క్రీను మీంచి చూపు తిప్పకుండా.